చెయ్యి వెనక్కి వెళ్ళిందా?

మా కోడలు బాస్కెట్‌బాల్ రిఫరీ. ఎవరైనా "మీ కోడలు ఏం చేస్తుంది?" అని అడిగితే మొదట్లో "ఈల వేస్తుంది" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు కాసేపు నా మొహం చూసి మాట మార్చేవాళ్ళు. ఇప్పుడు "రిఫరీ" అంటున్నాను. ఇప్పుడూ మాట మారుస్తూనే ఉన్నారు.

తనకొక అలవాటుంది. వీధి తలుపుకి నేను తాళం వేస్తే, నాలుగడుగులు వేసినది కాస్తా వెనక్కి వచ్చి ఒకసారి లాగి చూస్తుంది. నేను గ్యాస్ కట్టేస్తే తను వెళ్ళి మళ్ళీ తాకి వస్తుంది. నా మీద నమ్మకం లేదనుకుని కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాను. తర్వాత గమనిస్తే మా అబ్బాయి మూసిన కిటికీలను, చివరికి తను స్వయంగా మూసిన బీరువాను కూడా అలాగే లాగి చూస్తుంది. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. "మా కంపెనీలో చేరు, నిన్ను నెత్తిన పెట్టుకుంటారు" అని ఏడిపిస్తాడు. తను నవ్వేసి, వాడి పనిముట్ల సంచి జిప్పు లాగి చూస్తుంది.

ఆడపిల్లల పోటీల్లో సెమీఫైనల్ రోజు నన్ను కూడా తీసుకెళ్ళింది. ఉదయం పూట ఆట. పెద్ద రేకుల హాలు, అద్దంలా తుడిచిన చెక్క నేల. బూట్లు కీచుకీచుమంటుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. ఆటలో ముగ్గురు రిఫరీలు. మా కోడలు వాళ్ళకి పెద్ద. ఒకరు బుట్ట కింద నిలబడి మనుషుల ఒళ్ళు చూడాలి, ఎవరు ఎవర్ని తోస్తున్నారు, ఎవరి చెయ్యి ఎక్కడుంది అని. మిగతా ఇద్దరూ వెనకనుంచి బంతిని, గడియారాన్ని చూడాలి. బంతి అటూ ఇటూ మారినప్పుడల్లా వీళ్ళ చోట్లూ మారతాయి. ఎవరి వాటా వాళ్ళు చూస్తేనే మొత్తం కనిపిస్తుందట. ఇదంతా తను నాకు పప్పు గరిటె, ఉప్పు డబ్బా, చెంచా బల్లమీద పెట్టి చెప్పింది. చెంచా తను.

ఎర్ర జట్టు నాయకురాలు చాలా పొడుగు పిల్ల. జనం ఆ పిల్లను "నిచ్చెన" అని పిలుస్తున్నారు. తెల్ల జట్టులో ఒక పొట్టి పిల్ల ఎక్కడా నిలవకుండా తిరుగుతోంది. దానికి "బొంగరం" అని పేరు. నాకు ఆట తెలియదు గనక ఈ ఇద్దరినే చూస్తూ కూర్చున్నాను.

ఆట అయిపోవస్తోంది. బొంగరం బంతి పట్టుకుని బుట్ట వైపు దూసుకుపోయి ఎగిరింది. పక్కనుంచి నిచ్చెన కూడా ఎగిరింది. పొడుగాటి చెయ్యి ఒకటి కిందికి దిగింది. చెళ్ళున ఒక చప్పుడు. ఆ వెంటనే నేలమీద ఇంకో చప్పుడు. బొంగరం వెల్లకిలా పడి ఉంది. బుట్ట కింద ఉన్న మా కోడలి ఈల మోగింది.

నా పక్కనున్న పెద్దమనిషి లేచి నిలబడి, "కావాలనే కొట్టింది, నేను చూశాను" అన్నాడు.

"మీరు ఫోన్ చూస్తున్నారు కదా బాబూ" అన్నాను.

"శబ్దం విన్నానుగా."

"బంతికి తగిలిన శబ్దం అది" అంది ముందు వరసలో ఒకావిడ, వెనక్కి తిరక్కుండానే.

ముగ్గురు రిఫరీలూ పక్కనున్న చిన్న టీవీ దగ్గరికి వెళ్ళారు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటప్పుడు అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, పెద్ద చివర మాట్లాడాలి. పెద్ద ముందు నోరు తెరిస్తే మిగతావాళ్ళకి కూడా అదే కనిపిస్తుందట. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత మా కోడలు వచ్చి నిచ్చెనను ఆటలోంచి పంపేసింది. నిచ్చెన తన అరచెయ్యి తిప్పి చూసుకుంటూ బయటికి నడిచింది. ఏదో అంటుకుందేమో అన్నట్టు చూసుకుంది.

బొంగరానికి తల వెనక బొప్పి కట్టింది, అంతే. డాక్టరు చూసి పర్వాలేదన్నాడు. నిచ్చెన లేకపోయినా ఎర్ర జట్టే చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచింది. అంటే ఎల్లుండి ఫైనల్ ఆడేది వాళ్ళే. కానీ ఇలా బయటికి పంపిన పిల్ల తర్వాతి ఆట ఆడకూడదు. నిచ్చెనకు చదువు అయిపోతోంది, ఇదే చివరి ఏడాది. ఫైనల్ ఆడకపోతే ఇక ఆ పిల్లకు ఆ ఆట ఎప్పటికీ లేదు.

ఇంటికి వచ్చాక మా కోడలు బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చుంది. మా ఇంట్లో బూట్లతో లోపలికి వచ్చినవాళ్ళను తనే తరుముతుంది. నేను టీ ఇచ్చాను. గ్లాసు చల్లారిపోయింది.

భోజనానికి వచ్చిన మా అబ్బాయి పరిస్థితి చూసి, "ఎవర్ని పంపించేశావు?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"నీ మొహంలో ఎవరో తగ్గినట్టుంది."

అప్పుడు చెప్పింది. ఎర్ర జట్టు కోచ్ కమిటీకి ఫిర్యాదు పెట్టాడట. రేపు ఉదయం విచారణ. వీడియో ఉంది కానీ దెబ్బ మొదలయ్యే చోట ఇంకో పిల్ల వీపు అడ్డం. మిగతా ఇద్దరు రిఫరీల్లో ఒకడు మామూలు ఫౌలే అన్నాడు, ఇంకొకడు తనకి కనపడలేదన్నాడు. కాబట్టి రేపు మా కోడలు ఏం చెబితే అదే. తను "ఖాయంగా చూశాను" అంటే నిచ్చెన ఇంటికి. "ఏమో" అంటే నిచ్చెన ఫైనల్‌కి.

"చూశావుగా మరి" అన్నాను.

"అదే తెలియడం లేదు అత్తయ్యా" అంది.

నాకు అర్థం కాలేదు. చూసినదీ చూడనిదీ ఎవరికైనా తెలుస్తుంది కదా. తను మళ్ళీ పప్పు గరిటె తెప్పించింది.

"గట్టిగా తగిలితే ఫ్లాగ్రంట్ ఫౌల్ అంటాం. అందులో రెండు రకాలు. అక్కర్లేని దెబ్బ అయితే మొదటి రకం, ఆ పిల్ల ఆటలోనే ఉంటుంది. అక్కర్లేనిదీ, మితిమీరినదీ అయితే రెండో రకం, బయటికి పంపాలి. మితిమీరిందా లేదా అనేది మూడు చూసి చెప్పాలి. కొట్టే ముందు చెయ్యి వెనక్కి వెళ్ళిందా. ఎంత గట్టిగా తగిలింది. తగిలాక ఆగిందా, ఇంకా సాగిందా."

"కావాలని కొట్టిందా అని చూడరా?"

"మనసు మాకు అక్కర్లేదు అత్తయ్యా. చెయ్యి చూస్తే చాలు."

"అయితే సులువేగా" అన్నాడు మా అబ్బాయి.

"తగలడం చూశాను. తగిలాక సాగడం చూశాను. మొదలు చూడలేదేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది." "ఆ క్షణంలో నేను పైకి చూశాను. బంతి వెయ్యడానికి టైము అయిపోవస్తోంది కదా, గడియారం చూశాను."

"గడియారం నీ వాటా కాదన్నావు కదా?" అన్నాను.

"కాదు. వెనకున్నాయనది. ఆయన చూస్తున్నాడో లేదో అని నేను చూశాను."

మా అబ్బాయి నోరు తెరిచాడు. వాడు తాళం గురించి ఏదో అనబోతున్నాడని నాకు తెలిసి, కూర గిన్నె వాడి చేతిలో పెట్టాను.

"కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి వెనక్కి వెళ్ళడం స్పష్టంగా కనిపిస్తోంది" అంది కోడలు. "అది నేను అక్కడ చూశానా, లేక టీవీలో మెల్లగా తిప్పి తిప్పి చూశాక నాకు నేనే అతికించుకున్నానా? మెల్లగా తిప్పితే అన్నీ దెబ్బలే అత్తయ్యా. మెల్లగా తిప్పితే తల నిమిరినా కొట్టినట్టే ఉంటుంది."

ఫోనులో వీడియో పెట్టింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. పద్ధతి ప్రకారం చిన్నవాళ్ళు ముందు చెప్పాలి కనక మా కోడలు చెప్పాలి, కానీ తను చెప్పనంది. మా అబ్బాయి "బంతికే వెళ్ళింది" అన్నాడు. నాకు మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి కొట్టినట్టు ఉంది. మూడోసారి చూస్తే నిచ్చెనే పడబోతూ ఆసరా కోసం చెయ్యి చాపినట్టు ఉంది. "ఇక ఆపు, ఇంకోసారి చూస్తే బొంగరమే నిచ్చెనను కొట్టినట్టు కనిపిస్తుంది" అన్నాను.

మా కోడలు లేచి హాల్లో కుర్చీలు పక్కకి జరిపింది.

"ఒకసారి చేసి చూద్దాం. ఏమండీ, మీరు బొంగరం."

"ఈ పొట్టతోనా?"

"దిండు పట్టుకుని అటునుంచి రండి. అత్తయ్యా, మీరు నిచ్చెన."

నా ఎత్తు మా అబ్బాయి భుజం దాకా వస్తుంది. నన్ను పీట ఎక్కించారు. మావారు ఉండి ఉంటే ఈ తమాషా చూసి వారం రోజులు వీధంతా చెప్పుకునేవారు. మా అబ్బాయి దిండును రెండు చేతులా పట్టుకుని, నా ముందునుంచి పరుగులాంటిది ఒకటి తీసి, ఎగరడంలాంటిది ఒకటి చేశాడు. నేను చెయ్యి విసిరాను.

చెళ్ళున తగిలింది, వాడి చెవి మీద. దిండు ఎక్కడో పడింది, వాడు సోఫాలో పడ్డాడు. నేను పీట మీదనుంచి పడకుండా గోడ పట్టుకున్నాను.

"అమ్మా, ఇది రెండో రకం" అన్నాడు చెవి పట్టుకుని.

మా కోడలు నవ్వలేదు. "అత్తయ్యా, చెయ్యి వెనక్కి వెళ్ళిందా?"

"నాకేం తెలుసు? నేను దిండు చూస్తున్నాను."

"వెళ్ళింది" అన్నాడు వాడు. "ముందు గాలి వచ్చింది, వెనక చెయ్యి వచ్చింది."

"నువ్వు చూశావుగా అమ్మాయ్, నువ్వే చెప్పు" అన్నాను.

కోడలి మొహం ఎర్రబడింది. "నేను కింద చాప చూస్తున్నాను. అంచు మడిచి పెట్టానా లేదా, ఆయన కాలు జారుతుందేమో అని."

తర్వాత తను నా దగ్గరికి వచ్చి, మెల్లగా, తప్పు పట్టినట్టు కాకుండా అడిగింది. "అత్తయ్యా, మీరు దిండు కోసమే వెళ్ళారా?"

దిండు కోసమే అని చెప్పబోయాను. ఆ ఉదయం నా కళ్ళలో వేసుకునే చుక్కల మందు తెమ్మని వాడికి మళ్ళీ చెప్పాను. "రోజూ ఏదో ఒకటి" అన్నాడు వాడు, పక్కింటావిడ ముందు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోలేదనే అనుకున్నాను. వాడు దిండుతో వస్తున్నప్పుడు నాకు ఆ మాట గుర్తుందా? లేదు. ఉందేమో. నా చెయ్యి, నా కొడుకు చెవి, నా ఇంటి హాలు. అయినా నాకు తెలియడం లేదు.

"ఏమో తల్లీ" అన్నాను.

మర్నాడు మా అబ్బాయికి డ్యూటీ ఉంది, తోడు రమ్మని కోడలు నన్ను అడిగింది. నేను తాళం వేశాను, తను లాగి చూసింది, బయల్దేరాం.

కమిటీ ఆఫీసు మేడ మీద ఉంది. పొడుగాటి వరండా, గోడ పొడుగునా ఒక బల్ల. గది తలుపు గొళ్ళెం ఊడిపోయి మూసుకోవడం లేదు, అందుకని లోపల మాట్లాడేది బయటికి వినిపిస్తోంది. కోడలు లోపలికి వెళ్ళింది. బల్ల చివర నిచ్చెన కూర్చుని ఉంది. కూర్చున్నా నాకంటే ఎత్తే. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతోంది.

"మీరు ఎవరి తాలూకు ఆంటీ?" అంది.

"ఈల తాలూకు" అన్నాను. "అత్తగారిని."

లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"మేడమ్ ఇంట్లో ఏమన్నారు?"

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదమ్మా. నువ్వు చెప్పు, చెయ్యి వెనక్కి వెళ్ళిందా?"

ఆ పిల్ల అరచెయ్యి మళ్ళీ తిప్పి చూసుకుంది. "అందరూ అదే అడుగుతున్నారు. మా కోచ్ అయితే 'బంతికే వెళ్ళాను అని చెప్పు, ఇంకేం మాట్లాడకు' అన్నాడు. బంతికే వెళ్ళాను. కానీ అంతకుముందు ఒకసారి ఆ తెల్ల జట్టు పిల్ల నా చొక్కా పట్టుకు లాగి నవ్వింది ఆంటీ. అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత మర్చిపోయాను."

"మర్చిపోయావా?"

"మర్చిపోయాననే అనుకుంటున్నాను." "మేడమ్ బుట్ట కిందే ఉన్నారుగా. ఆవిడ చూసే ఉంటారు. ఆవిడ చెబితే నాకూ తెలుస్తుంది."

ఆ మాటకి నాకు ఏదోలా అయింది. బతిమాలుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నా సర్దుకునేదాన్ని. ఈ పిల్ల తన చేతి సంగతి మా కోడలు చెబితే విందామని కూర్చుంది.

లోపల చైర్మన్ గారి గొంతు వినిపించింది. ఆయన ఒకప్పటి రిఫరీ, మోకాలు పాడై కుర్చీకి వచ్చినాయన. "చెప్పమ్మా. చెయ్యి వెనక్కి తీసి కొట్టిందా?"

"నాకు అలాగే గుర్తుంది సార్" అంది మా కోడలు.

పక్కన నిచ్చెన అరచెయ్యి మూసుకుంది.

"కానీ ఆ గుర్తు మీద నాకు నమ్మకం లేదు. దెబ్బ తగలడం, తగిలాక చెయ్యి సాగడం నా కళ్ళతో చూశాను. మొదలు చూడలేదు. ఆ సమయంలో గడియారం చూశాను."

"గడియారం నీ పని కాదుగా?"

"కాదు సార్."

"నీతో ఉన్నాయన చూస్తున్నాడా అప్పుడు?"

"చూస్తున్నాడు సార్. అందుకే దెబ్బ ఆయనకి కనపడలేదు. ఇద్దరం ఒకే గడియారం చూశాం."

లోపల ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. చైర్మన్ గారు నవ్వలేదు. తర్వాత ఆయన, ఖాయంగా చూసినవాళ్ళు లేరు కనక రెండో రకాన్ని మొదటి రకంగా తగ్గిస్తున్నామన్నాడు. నిచ్చెన ఫైనల్ ఆడవచ్చు. "ఫైనల్‌కి రిఫరీగా నీ పేరు అనుకున్నాం. నువ్వు రేపు విశ్రాంతి తీసుకో" అని కూడా అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే బాగాలేదు.

కోడలు బయటికి వచ్చింది. నిచ్చెన లేచి నిలబడింది. కాళ్ళకి దండం పెడుతుందేమో అన్నంత కంగారుగా ఉంది, కానీ ఆ పిల్ల మొహంలో సంతోషం మాత్రం నాకు కనపడలేదు.

"అయితే మీరు కూడా చూడలేదా మేడమ్?"

"మొదలు చూడలేదమ్మా."

"మరి నేను కొట్టానా, లేదా?"

మా కోడలు జవాబు కోసం నా వైపు చూసింది. నా వైపు ఎందుకు చూసిందో తెలియదు. నేను గోడమీది కొత్త సున్నం చూశాను.

"రేపు ఆడు" అంది చివరికి. "బాగా ఆడు."

"బంతికే వెళ్తాను మేడమ్."

"వెళ్ళు."

బస్సు దిగాక నేనే అన్నాను, "ఆ పిల్లకి మంచి జరిగిందిగా. నీకేమిటి బాధ?"

"నిజంగానే చెయ్యి వెనక్కి తీసి కొట్టి ఉంటే? బొంగరం తల నేలకి తగిలింది అత్తయ్యా. వాళ్ళమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పాలి? గడియారం చూశానని చెప్పనా?"

ఇదీ నిజమే. నిన్నటినుంచి నేను నిచ్చెన వైపునుంచే ఆలోచిస్తున్నాను, బొప్పి కట్టిన పిల్ల గుర్తే రాలేదు. సాయంత్రం డ్యూటీనుంచి వచ్చాక మా అబ్బాయి చెవి చూశాను. ఎరుపు పోయింది. వాడు చుక్కల మందు తెచ్చి బల్లమీద పెట్టాడు, నేను అడగకుండానే. అది చూసి నాకు ఇంకా అయోమయం పెరిగింది.

మరుసటి రోజు ఫైనల్. వెళ్ళనంటుందనుకున్నాను, తనే ముందు తయారైంది. మామూలు బట్టల్లో, మెడలో ఈల లేకుండా తను నాకు కొత్తగా కనపడింది. నేను వీధి తలుపుకి తాళం వేశాను. తను అలవాటుగా చెయ్యి చాపింది, సగం దాకా వచ్చి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "పదండి" అంది.

జనంలో కూర్చున్నాం. నిచ్చెన ఆడుతోంది. ఆడుతోందంటే, నిలబడి ఉంది. పక్కనుంచి పిల్లలు బంతితో వెళ్ళిపోతుంటే చేతులు ఒంటికి అంటించుకుని చూస్తోంది. కోచ్ గొంతు చించుకుంటున్నాడు. నా వెనక ఒకాయన, "నిన్న గొడవపడి తెచ్చుకుంది దీన్నేనా, దీనికంటే కరెంటు స్తంభం నయం" అన్నాడు. మా కోడలు ఒళ్ళో చేతులు కట్టుకుని కూర్చుంది. పెదాలు మాత్రం ఈల పట్టుకున్నట్టే బిగించి ఉన్నాయి.

ఆట సగం దాటాక ఒక పిల్ల నిచ్చెన ముందునుంచే ఎగిరింది. ఈసారి నిచ్చెన కూడా ఎగిరింది. పొడుగాటి చెయ్యి దిగింది. చెళ్ళున చప్పుడైంది. ఇద్దరూ పడ్డారు. ఈల మోగింది, మాది కాని ఈల. పడ్డ పిల్ల లేచి మోకాలు దులుపుకుంది. నిచ్చెన నేలమీదే కూర్చుని, తన చెయ్యి చూసుకోలేదు. తలెత్తి జనంలో ఎవరికోసమో వెతికింది. చూపు మా దగ్గర ఆగింది. కళ్ళతోనే అడిగింది.

"ఏమైంది?" అన్నాను కోడలితో. "ఈసారి బంతికేనా? నేను బంతి చూస్తున్నాను, చెయ్యి చూడలేదు. నువ్వు చూశావు కదా?"

"మొదలు చూడలేదు అత్తయ్యా."

"ఇప్పుడు గడియారం నీది కాదుగా, ఈల కూడా నీది కాదుగా. ఏం చూస్తున్నావు?"

"ఏమీ చూడలేదు" అంది. "మీరు తాళం సరిగ్గా వేశారా అని ఆలోచిస్తున్నాను."

వేశాను అన్నాను. సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి తడిమి చూసుకున్నాను. ఉంది. కానీ తాళంచెవి ఉన్నంత మాత్రాన తాళం పడినట్టేనా అన్నది నాకు తట్టింది. నిచ్చెన ఇంకా మా వైపే చూస్తోంది. నేను తలాడించాను. అవునని ఆడించానో కాదని ఆడించానో, ఆ దూరానికి ఆ పిల్లకి ఎలా కనపడిందో, లేచి చేతులు దులుపుకుని మళ్ళీ ఆటలోకి పరుగెత్తింది.